రెండో డిగ్రీ అంటే ఏ వరస?

(కుటుంబ చరిత్రలు రాసుకునేవాళ్ళ కోసం హైదరాబాద్‌లో ఒక లైబ్రరీ హాల్లో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ఇటు రండి, కిటికీ పక్కన కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, నిలబడి వినలేరు.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో మేనరికం చేసుకున్నవాళ్ళు చెయ్యెత్తండి. సరే. మీ అమ్మానాన్నలది మేనరికం అయినవాళ్ళు? చూశారా, చేతులు పెరిగాయి. తాతలు, నానమ్మలు, అమ్మమ్మల దాకా వెళ్తే? ఇంక ఎత్తనివాళ్ళని లెక్కపెట్టడమే తేలిక. ఇది మన ఇళ్ళల్లో అంత మామూలు సంగతి. హిందువులైనా, క్రైస్తవులైనా, మేనమామ కూతురు ఉండగా బయట సంబంధం ఎందుకు అనే మాట వినని తెలుగిల్లు ఉందా?

ఇప్పుడు ఆ మామూలు సంగతిని ఒక పాత కథోలిక పుస్తకంలో, లాటిన్‌లో, ఒక విదేశీ గురువు, అంటే చర్చి ఫాదర్, చేతిరాతలో చదవాల్సి వస్తే ఎలా ఉంటుంది? నేను ఈ రోజు చెప్పేదంతా ఆ ఒక్క లైను గురించే. పెళ్ళి పుస్తకంలో వధూవరులు ఎంత దగ్గరి చుట్టాలో చెప్పే లైను, చాలామంది కళ్ళు దాటేసే లైను. పేర్లు రాసుకుంటారు, తారీఖు రాసుకుంటారు, ఫోటో తీసుకుంటారు, వచ్చేస్తారు. ఆ లైను వదిలేస్తారు. వదలకండి, మీ వంశవృక్షంలో రెండు తరాలు ఆ లైనులోనే ఉంటాయి.

అసలు ఈ పుస్తకాలు ఎందుకున్నాయో క్లుప్తంగా చెప్తాను. 1563లో కథోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ ఒక నియమం పెట్టింది. పెళ్ళి జరగాలంటే విచారణ గురువు ఉండాలి, ఇద్దరో ముగ్గురో సాక్షులు ఉండాలి, అంతకుముందు మూడు పండగ రోజుల్లో పూజలో అందరి ముందూ ప్రకటన చదవాలి, పెళ్ళయ్యాక పుస్తకంలో రాయాలి. విచారణ అంటే ప్యారిష్, గుంటూరు వైపు మేం అలాగే అంటాం, ఇక్కడ కొందరికి కొత్తగా ఉండొచ్చు. అప్పటిదాకా చాటుమాటుగా జరిగిన పెళ్ళిళ్ళతో గొడవలు పడ్డారు, ఆ బెడద తీర్చడానికి పెట్టిన నియమం ఇది. మూడుసార్లు ప్రకటన చదవడం ఎందుకు? ఎవరికైనా అడ్డంకి తెలిస్తే లేచి చెప్పమని. ఆ అడ్డంకుల్లో ముఖ్యమైనది చుట్టరికం.

మన వైపు 1700ల్లోనే ఫ్రెంచి యేసుసభ గురువులు, అంటే జెసూట్లు, కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు పల్లెల్లో తిరిగారు. హైదరాబాద్ సంగతికొస్తే 1851లో ఇది వికారియేట్ అయింది, అంటే మేత్రాసనానికి ముందు మెట్టు, 1886లో మేత్రాసనం, అంటే బిషప్ గారి పరిధి, 1953లో అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్ గారిది. మిలాన్ నుంచి వచ్చిన ఇటలీ గురువులు ఇక్కడ చాలాకాలం పనిచేశారు. మీలో కొందరి తాతలు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌కి కొలువు కోసం వచ్చినవాళ్ళు, ఇంకొందరు ఖమ్మం, నల్గొండ, గుంటూరు నుంచి నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు. అంచేత మీ పుస్తకం ఇక్కడ గన్‌ఫౌండ్రీలోనో సికింద్రాబాద్‌లోనో ఉండకపోవచ్చు, ఎక్కడో ఊళ్ళో గుడి పక్క గదిలో చెక్క బీరువాలో ఉండొచ్చు. ముందు అది తేల్చుకోండి.

పేర్ల దగ్గరే చాలామంది ఆగిపోతారు. లాటిన్‌లో పేత్రుస్ అని ఉంటుంది, మీరు వెతికేది రాయప్ప. రెండూ ఒకటే. పౌలుస్ అంటే చిన్నప్ప. క్సావేరియుస్ అంటే మన శౌరి, శౌరయ్య. ఇగ్నాతియుస్ అంటే ఇన్నయ్య, ఇన్నాసి. యోసేఫుస్ అంటే జోజి, జోజప్ప. ఊళ్ళో ఇంట్లో పిలిచేది రాయప్ప, పుస్తకంలో ఎక్కేది పేత్రుస్. ఒకే పల్లెలో అరడజను మంది రాయప్పలు ఉంటే? తండ్రి పేరు చూడాలి, ఉంటే ఇంటిపేరు చూడాలి, రెండూ సరిపోకపోతే సాక్షుల పేర్లు చూడాలి. సాక్షులుగా తరచు దగ్గర చుట్టాలే నిలబడతారు, లేదా ఉపదేశి, అంటే ఊళ్ళో మతపాఠాలు చెప్పే ఆయన.

ఇప్పుడు ఆ లైను. మామూలు పెళ్ళి అయితే వరస ఇలా ఉంటుంది: ఫలానా సంవత్సరం, ఫలానా రోజు, మూడు ప్రకటనలు చదివాం, ఏ అడ్డంకీ కనపడలేదు, ఫలానావాళ్ళ కొడుకు ఫలానా, ఫలానావాళ్ళ కూతురు ఫలానా, సాక్షులు ఫలానా. ‘నుల్లో ఇంపెదిమెంతో’ అనే మాటలు కనిపిస్తే అడ్డంకి లేదని అర్థం. చుట్టరికం ఉన్న పెళ్ళి అయితే ఆ చోట ఇంకోలా ఉంటుంది: ‘ఒబ్తెంతా దిస్పెన్సాతియోనే’, అంటే మినహాయింపు పొందాక, ‘కోన్‌సాంగ్వినితాతిస్’, అంటే రక్తసంబంధం, ‘ఇన్ సెకుందో గ్రాదు’, రెండో డిగ్రీలో. కొందరు గురువులు ఓపిగ్గా పూర్తి వాక్యం రాస్తారు, కొందరు పక్క మార్జిన్లో రెండు అక్షరాలు, ఒక అంకె గీసి వదిలేస్తారు. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ పాత విచారణ పుస్తకాలని 2015లో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది, చేతిరాత చదవడం అలవాటు చేసుకోవాలంటే వాటిని చూడండి. అక్కడ కూడా ఇలాంటి పొట్టి గుర్తులే కనిపిస్తాయి.

రెండో డిగ్రీ. దేనికి రెండు? ఇక్కడే అసలు విషయం.

పాత చర్చి లెక్క ఇది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మూలపురుషుణ్ణి పట్టుకోవాలి. అక్కడి నుంచి ఒక వైపు ఎన్ని తరాలు దిగితే పెళ్ళికొడుకు వస్తాడో లెక్కపెట్టాలి. అన్నాచెల్లెళ్ళు ఒకటో డిగ్రీ, ఎందుకంటే తండ్రి నుంచి ఒక్క మెట్టే. తాత ఉమ్మడి అయితే రెండో డిగ్రీ. ముత్తాత ఉమ్మడి అయితే మూడు. ఆ పైవాడు ఉమ్మడి అయితే నాలుగు. రెండు వైపులా మెట్లు సమానంగా లేకపోతే పొడుగు వైపు తీసుకుంటారు, కానీ పొట్టి వైపు కూడా చెప్తారు. మేనమామ, మేనకోడలు ఉన్నారనుకోండి. అమ్మాయికి తాత, అబ్బాయికి తండ్రి. ఒక వైపు రెండు మెట్లు, ఇంకో వైపు ఒకటి. అప్పుడు ‘ఒకటిని తాకుతున్న రెండో డిగ్రీ’ అని రాస్తారు. ఆ ‘తాకుతున్న’ అనే మాట కనిపిస్తే అక్కడ ఆగండి, ఆ ఇంట్లో అక్క కూతుర్ని చేసుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, రెండో డిగ్రీలో ఎంతమంది ఉంటారు? మేనమామ కూతురు ఉంటుంది. మేనత్త కూతురు ఉంటుంది. చిన్నాన్న, పెదనాన్న కూతురు ఉంటుంది. పిన్ని, పెద్దమ్మ కూతురు కూడా ఉంటుంది. నలుగురికీ రోమ్‌లో ఒకటే అంకె, రెండు. మనకి? మొదటి ఇద్దరు మరదళ్ళు, పెళ్ళి వరస. తర్వాతి ఇద్దరు చెల్లెళ్ళు, ఆ మాట పెళ్ళి దగ్గర ఎత్తడం కూడా తప్పు. మనం వరస కలిస్తే మేనరికం అంటాం, వరస కలవకపోతే పాపం అంటాం. చర్చి చట్టానికి ఈ తేడా తెలీదు. దాని లెక్క రక్తానిది. మన లెక్క వరసది. రెండు వేర్వేరు లెక్కలు ఒకే పుస్తకంలో, ఒకే లైనులో ఎదురుపడ్డాయి. నాకు ఈ పుస్తకాలంటే ఇంత ఇష్టం ఎందుకని అడుగుతారు కదా, ఇందుకే.

దీనివల్ల మనకి ఒక పెద్ద లాభం ఉంది. ఇటలీవాడికో ఐర్లండ్ వాడికో రెండో డిగ్రీ అని కనిపిస్తే నాలుగు దారులూ వెతకాలి. తెలుగు ఇంటి పెళ్ళిలో రెండో డిగ్రీ అని కనిపిస్తే మీరు దాదాపు రెండు దారులు వెతికితే చాలు. మేనమామ వైపా, మేనత్త వైపా. అంటే పెళ్ళికూతురి తండ్రి పెళ్ళికొడుకు తల్లికి అన్నో తమ్ముడో అయ్యుండాలి, లేకపోతే పెళ్ళికూతురి తల్లి పెళ్ళికొడుకు తండ్రికి అక్కో చెల్లెలో అయ్యుండాలి. ఆ ఒక్క అంకెతో, మీరింకా చూడని జ్ఞానస్నానం పుస్తకంలో ఎవరి తల్లిదండ్రుల పేర్లు ఒకటిగా ఉండాలో ముందే తెలిసిపోయింది. కొన్నిచోట్ల ‘దుప్లిచి’ అని కూడా ఉంటుంది, రెండు రకాలుగా చుట్టరికం అని. అది చూడగానే నాకు కుండమార్పిడి గుర్తొస్తుంది. అక్కని ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి ఆడపిల్లని తెచ్చుకున్నారు. ఆ రెండు జంటల పిల్లలు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తాతలూ అమ్మమ్మలూ నానమ్మలూ నలుగురూ ఉమ్మడే.

ఇంటిపేరు గురించి ఒక ముచ్చట. ఇంగ్లండులో 1875లో జార్జ్ డార్విన్ అని, చార్ల్స్ డార్విన్ గారి అబ్బాయి, దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళు దేశంలో ఎన్ని జరుగుతున్నాయో అంచనా కట్టడానికి ఒక పద్ధతి పట్టాడు. పెళ్ళికి ముందే భార్యాభర్తలది ఒకటే ఇంటిపేరైన పెళ్ళిళ్ళు లెక్కపెట్టాడు. ఆయన అమ్మానాన్నలు కూడా ఆ వరస చుట్టాలే, అందుకే ఆ ప్రశ్న ఆయనకి సొంత ప్రశ్న. ఆ పద్ధతిని తర్వాత జన్యుశాస్త్రం వాళ్ళు ఇంకా పెంచారు. దాన్ని తీసుకొచ్చి మన పల్లె పుస్తకం మీద పెట్టండి. ఏమొస్తుంది? సున్నా వస్తుంది. మనం ఒకే ఇంటిపేరు వాళ్ళని చేసుకోం కదా! మేనరికంలో ఇంటిపేర్లు ఎప్పుడూ వేరే. ఊరంతా మేనరికాలే అయినా ఆ లెక్కలో ఒక్క చుట్టరికం కూడా కనపడదు. ఎవరైనా బయటివాడు వచ్చి మన పుస్తకాలని అలా చదివితే, వీళ్ళల్లో చుట్టాల పెళ్ళిళ్ళే లేవు అని రాసుకుపోతాడు. అందుకే మన పుస్తకాలు మనమే చదవాలి అంటాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే దీని దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా పొరపాటు పడటం చూశాను. అంకె చూసేముందు సంవత్సరం చూడండి. 1215 ముందు ఏడు డిగ్రీల దాకా నిషేధం. ఆ ఏడాది నాలుగో లాటరన్ మహాసభ దాన్ని నాలుగుకి తగ్గించింది. కారణం ఏం చెప్పారో తెలుసా? శరీరంలో నాలుగు ధాతువులున్నాయి కాబట్టి నాలుగు సరిపోతుందని. ఆ నాలుగు 1918 మే 19 దాకా నడిచింది. ఆ రోజు కొత్త చర్చి చట్టం అమల్లోకి వచ్చి మూడుకి దించింది. తర్వాత 1983 నవంబర్ 27న ఇప్పుడున్న చట్టం వచ్చింది, అది లెక్కపెట్టే పద్ధతినే మార్చేసింది. ఇప్పుడు రెండు వైపుల మెట్లూ కలిపి లెక్కపెడతారు. అంటే మేనమామ కూతురు ఇప్పుడు నాలుగు, రెండు ఇటు, రెండు అటు. మేనమామ, మేనకోడలు మూడు.

చూడండి ఎంత తేడానో. 1930లో ‘మూడు’ అని ఉంటే ముత్తాత ఉమ్మడి, దూరపు చుట్టం. 1990లో ‘మూడు’ అని ఉంటే మేనమామ. 1900లో ‘నాలుగు’ అంటే ఎక్కడో పైన ఎప్పుడో కలిసిన రక్తం, ఊళ్ళో ఎవరికీ గుర్తుండని చుట్టరికం. 1990లో ‘నాలుగు’ అంటే సొంత మేనత్త కొడుకు. అంకె అదే, మనుషులు వేరు. ఇంకోటి కూడా. 1918 తర్వాత నాలుగో డిగ్రీ పెళ్ళిళ్ళకి మినహాయింపు అక్కర్లేదు కాబట్టి అవి పుస్తకంలో కనపడవు. 1983 తర్వాత ముత్తాత ఉమ్మడి అయినవీ కనపడవు. ఆ ఏడాది నుంచి జనం ఉన్నట్టుండి చుట్టాలని చేసుకోవడం మానేశారనుకుంటే తప్పే కదా. రాయడం మానేశారు, అంతే.

రక్తం ఒక్కటే కాదు. ‘అఫ్ఫినితాతిస్’ అని ఇంకో మాట వస్తుంది. పెళ్ళి వల్ల కలిసిన చుట్టరికం. మన ఇళ్ళల్లో అక్క పురుటిలో పోతే పసిపిల్లల్ని చూసుకోవడానికి చెల్లెల్ని బావకే ఇచ్చేవాళ్ళు. ఎన్ని ఇళ్ళల్లో విన్నాం ఈ కథ! చర్చి లెక్కలో అది ఒకటో డిగ్రీ వియ్యపు చుట్టరికం, 1983 దాకా మినహాయింపు లేకుండా జరగడానికి వీల్లేదు. ఇంగ్లండు చట్టంలో అయితే 1907 దాకా అసలు చెల్లనే చెల్లదు. మీ ముత్తాత పెళ్ళి లైనులో ఈ మాట కనిపిస్తే మరణాల పుస్తకం తీయండి. కొన్ని నెలల ముందో ఏడాది ముందో ఒక యువతి పేరు ఉంటుంది, ఆవిడే మొదటి భార్య. ఒకసారి నేను అలా వెతికాను. పెద్దామె మరణం, ఆ పక్క పేజీలోనే మూడు రోజుల బిడ్డ మరణం, ఆ తర్వాత పదకొండు నెలలకి చెల్లెలి పెళ్ళి. మూడు చోట్లా ఒకే చేతిరాత. ఆ గురువే ఇద్దరినీ సమాధి చేసి, ఆ గురువే పెళ్ళి చేశాడు. ఆ రోజు పుస్తకం మూసి కాసేపు బయట వేపచెట్టు కింద కూర్చున్నాను.

జ్ఞానస్నానం వల్ల కూడా ఒక చుట్టరికం ఉంది. జ్ఞానతల్లిదండ్రులకీ, అంటే జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్ళకీ, ఆ బిడ్డకీ మధ్య పెళ్ళి కుదిరేది కాదు, ఆ నియమం కూడా 1983లోనే పోయింది. ఇప్పుడు మన అలవాటు ఆలోచించండి. మేనమామే జ్ఞానతండ్రిగా నిలబడితే, ఆ పిల్ల పెద్దయ్యాక ఆ మేనమామకే ఇద్దామనుకుంటే? ఒక అడ్డంకి రక్తానిది, ఇంకో అడ్డంకి జ్ఞానస్నానానిది. అప్పట్లో రెండిటికీ మినహాయింపు అడగాల్సి వచ్చేది.

మినహాయింపు ఊరికే ఇవ్వరు, కారణం చూపించాలి. రోమ్ ఒప్పుకునే కారణాలకి ఒక జాబితా ఉండేది. ఊరు చిన్నది, చుట్టాలు కానివాళ్ళలో సరైన సంబంధం దొరకదు. కట్నం చాలదు. విధవరాలు, పిల్లలున్నారు, దిక్కు కావాలి. అమ్మాయి వయసు మీరిపోయింది. వయసు మీరడం అంటే ఎంత? ఇరవై నాలుగు నిండితే. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒక పిల్ల ఇరవై నాలుగేళ్ళది అని కాగితం మీద కారణంగా చూపించి ఆమె పెళ్ళికి అనుమతి అడిగారు.

ఇక్కడ చదివేవాళ్ళు మోసపోకూడదు. ఆ కాగితంలో రాసిన కారణం చట్టం ఒప్పుకునే కారణం. ఇంట్లో వాళ్ళు అనుకున్న కారణం అదే కానక్కర్లేదు. మాగాణి రెండెకరాలు బయటికి పోకూడదు అనుకున్నారు. అత్తగారు మేనత్తే అయితే పిల్ల ఏడవదు అనుకున్నారు. అక్కకి మాటిచ్చాడు తమ్ముడు. పుట్టగానే వీడికి అది పెళ్ళాం అన్నారు. ఇవి ఏ అర్జీలోనూ దొరకవు. అర్జీలో ‘ఊరు ఇరుకు’ అని ఉంటుంది. కానీ ఆ అర్జీకి ఒక అపురూపమైన గుణం ఉంది. చుట్టరికం చూపించడానికి గురువు ఒక చెట్టు గీయాలి. పైన ఉమ్మడి తాత, కింద రెండు కొమ్మలు. ఆ కాగితం దొరికితే మీరు అదృష్టవంతులు. అది విచారణలో ఉండొచ్చు, లేకపోతే బిషప్ గారి ఆఫీసులో. ఆ గురువుకి ఊరి చుట్టరికాలు ఎలా తెలుస్తాయి? ఉపదేశి చెప్తాడు, ముసలమ్మలు చెప్తారు. మన నానమ్మల నోటి లెక్క ఒక ఇటలీ గురువు చేతిలో లాటిన్ అంకె అయి రోమ్ చట్టం ముందుకి వెళ్ళింది.

ఈ లైన్ల విలువ శాస్త్రం వాళ్ళకి కూడా తెలిసింది. 1951లో ఇటలీలో పార్మా విశ్వవిద్యాలయంలో లూకా కవాలీ స్ఫోర్జా జన్యుశాస్త్రం చెప్తున్నాడు. ఆయన క్లాసులో అంతోనియో మొరోని అనే విద్యార్థి ఉన్నాడు, ఆ విద్యార్థి చర్చి ఫాదర్ కూడా. మీకు చుట్టాల పెళ్ళిళ్ళ వివరాలు కావాలంటే మా పుస్తకాల్లో వందల ఏళ్ళవి ఉన్నాయి అని చెప్పాడు. అక్కడి నుంచి మొదలైంది. పార్మా లోయలో కొండల మీద చిన్న ఊళ్ళు, కింద మైదానంలో పెద్ద ఊళ్ళు. పైకి వెళ్ళేకొద్దీ జనం తక్కువ, చుట్టాల పెళ్ళిళ్ళు ఎక్కువ, ఒక ఊరికీ పక్క ఊరికీ రక్తంలో తేడాలు ఎక్కువ. పుస్తకంలో లెక్క, రక్తపరీక్షలో లెక్క పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత ఇటలీ దేశమంతా చుట్టాల పెళ్ళిళ్ళ మినహాయింపులు పోగుచేశారు, యాభై ఏళ్ళు పట్టింది ఆ పని. ఒక్కసారి ఆలోచించండి, మన మేనరికాల పుస్తకాలతో అలాంటి పని ఎవరైనా చేస్తే? అక్కడ వాళ్ళు అరుదైనదాన్ని లెక్కపెట్టారు. ఇక్కడ అది ఇంటింటి సంగతి.

ఇప్పుడే ఎవరో అడిగారు, పిల్లలకి మంచిది కాదంటారు కదా అని. అమ్మా, అది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం, నేను లెక్క వరకే చెప్తాను. మేనబావా మరదళ్ళ బిడ్డకి ఒకే పూర్వీకుడి నుంచి ఒకే జన్యువు రెండు వైపులా వచ్చే అవకాశం పదహారులో ఒకటి. మేనమామ, మేనకోడలి బిడ్డకి ఎనిమిదిలో ఒకటి. ఇది ఒక్క తరం లెక్క. తరతరాలుగా అదే జరిగితే ఇంకా పెరుగుతుంది. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ 1649లో తన చెల్లెలి కూతురు మరియానాని చేసుకున్నాడు, మినహాయింపుతోనే. మనవాళ్ళు అక్క కూతుర్ని చేసుకుంటారు కానీ చెల్లెలి కూతుర్ని చాలా ఇళ్ళల్లో ఒప్పుకోరు, అది వేరే సంగతి. వాళ్ళ కొడుకు రెండో చార్ల్స్ జీవితమంతా జబ్బులతో ఉండి 1700లో పిల్లల్లేకుండా పోయాడు. ఆ ఇంట్లో ఇలాంటి పెళ్ళి అది మొదటిది కాదు, రెండో ఫిలిప్ కూడా 1570లో చెల్లెలి కూతుర్నే చేసుకున్నాడు. అంచేత మీ చెట్టు గీసేటప్పుడు కొమ్మలు ఎక్కడెక్కడ మళ్ళీ కలిశాయో దాచకుండా గీయండి. మీ మనవరాలు రేపు డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆ గీత పనికొస్తుంది.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇంటిపేరు చెప్పను, మావాళ్ళు ఇంకా ఆ ఊళ్ళో ఉన్నారు. మా నానమ్మది బయటి సంబంధం అని మా ఇంట్లో అందరూ చెప్పేవాళ్ళు. చుట్టరికం ఏం లేదు, పక్క ఊరి పిల్లని తెచ్చుకున్నాం అని. నేను 1931 పుస్తకంలో వాళ్ళ పెళ్ళి చూశాను. ‘ఇన్ తెర్తియో గ్రాదు’ అని ఉంది. మూడో డిగ్రీ. ముత్తాత ఉమ్మడి! మరి ఎవరు ఆ ముత్తాత? పుస్తకం చెప్పదు. అర్జీ కోసం అడిగాను, లేదన్నారు. ఆ విచారణలో పాత పుస్తకాలు కొన్ని చెదలు పట్టి, కొత్త పుస్తకాల్లోకి ఎక్కించారట. ఎక్కించినవాళ్ళు పేర్లు, తారీఖులు రాశారు, మార్జిన్లో ఉన్నవి వదిలేశారు. నా అదృష్టం కొద్దీ 1931 పుస్తకం మాత్రం అసలుదే. ముందువి కొన్ని నకళ్ళే. ఎన్ని ఇళ్ళ వరసలు ఆ మార్జిన్లతో పాటు పోయాయో ఎవరు చెప్పగలరు?

కూర్చుని వరసతో లెక్క వేశాను. ముత్తాత ఉమ్మడి అయితే ఆయన పిల్లలిద్దరు, వాళ్ళ పిల్లలిద్దరు, ఆ కిందవాళ్ళు మా తాత, నానమ్మ. వాళ్ళు పెళ్ళి వరస కావాలంటే మధ్య తరం ఎలా ఉండాలి? తేలికైన దారి ఇది. ముత్తాత కొడుకులు ఇద్దరు, అన్నదమ్ములు. ఒకాయనకి కొడుకు, ఇంకొకాయనకి కూతురు. వాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస. ఆ అన్న కొడుకు మా తాత, ఆ చెల్లెలి కూతురు మా నానమ్మ. మేనత్త కూతురి వరస, సరిపోయింది. అదే నిజమైతే నానమ్మ వాళ్ళ అమ్మ పుట్టింటిపేరు, మా తాత ఇంటిపేరు ఒకటే అయ్యుండాలి. ఇది పరీక్షించొచ్చు కదా!

నానమ్మ వాళ్ళ అమ్మ జ్ఞానస్నానం కోసం రెండు విచారణల్లో వెతికాను. ఇంటిపేరు ఆ పుస్తకాల్లో ఒక్కోచోట ఉంటుంది, ఒక్కోచోట ఉండదు. రెండో చోట దొరికింది. అన్నా, ఫలానా ఇన్నయ్య కూతురు, పక్కన ఇంటిపేరు. మా ఇంటిపేరే. విదేశీ గురువు ఒక అక్షరం తప్పు రాశాడు, అయినా మా ఇంటిపేరే.

ఊరికెళ్ళి మా పెద్దత్తకి చెప్పాను. ఆవిడకి తొంభై దగ్గర పడ్డాయి. లాటిన్ మాట చెప్పలేదు, డిగ్రీ చెప్పలేదు, నానమ్మ వాళ్ళ అమ్మ మన ఇంటి ఆడపడుచేనట అత్తా అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, ‘అందుకా? మా నాన్న ఆవిడని ఎప్పుడూ అత్తగారూ అనలేదు. అత్తా అనేవాడు. పండక్కి మనింటి నుంచి ఆవిడకి చీర వెళ్ళేది, అల్లుడింటి నుంచి అత్తకి చీర ఏంటని మా అమ్మని అడిగాను కూడా. పుట్టింటి చీరే అంది, నాకు అర్థం కాలేదు.’ డెబ్భై, ఎనభై ఏళ్ళు ఆ మాట ఆవిడ దగ్గర అలాగే ఉంది.

మీ దగ్గర కూడా ఇలాంటి మాటలు ఉంటాయి. పుస్తకం చూడటానికి వెళ్ళేముందు ఇంట్లో పెద్దవాళ్ళని ‘చుట్టరికం ఉందా’ అని అడక్కండి, లేదనేస్తారు. ‘ఎవరు ఎవర్ని ఏమని పిలిచేవాళ్ళు’ అని అడగండి, అది రాసుకోండి. విచారణ గురువుని ముందుగా అడిగి, ఆయనకి వీలున్న రోజు వెళ్ళండి. ఆ పుస్తకాలు అందరికీ తెరిచి పెట్టేవి కావు, బతికున్నవాళ్ళ వివరాలు ఫోటో తీయకండి. వచ్చే నెల రెండో ఆదివారం ఇదే హాల్లో మళ్ళీ కలుద్దాం. మీకు దొరికిన లైను ఉన్నది ఉన్నట్టు రాసుకుని తీసుకురండి, సంవత్సరంతో సహా. కలిసి చదువుదాం.